సర్టిఫికెట్ గాలి, బస్తీ గాలి



ఈ వరుసలో ఇది పదకొండో భాగం. ఇప్పటిదాకా నీళ్ల గురించి, శ్మశానాల గురించి, హాస్టల్ మెస్సుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి గాలి గురించి. అందులోనూ విమానాశ్రయం గాలి గురించి.

ఈ మాట చెప్పగానే ఒక తమ్ముడు మొహం మీదే అడిగిండు: "అన్నా, మనం ఉప్పల్ రింగురోడ్డు కాడ దుమ్ము మింగుతున్నం. విమానం ఎక్కెటోళ్ల గాలి సంగతి మనకెందుకు?"

సరైన ప్రశ్నే. దానికి జవాబు మూడు ముక్కల్లో చెప్తాను. ఒకటి, విమానాశ్రయంలో పొగ పీల్చేది విమానం ఎక్కేవాళ్ల కంటే ఎక్కువగా విమానానికి సంచులు ఎక్కించేవాళ్లు. రెండు, విమానాశ్రయం గాలిని ఎలా అదుపు చేయాలో ప్రపంచానికి తెలిసిన పద్ధతులు ఉన్నాయి, ఆ పద్ధతులే ఉప్పల్‌కూ నాచారానికీ ఎందుకు రావు అన్నది మన ప్రశ్న. మూడు, హైదరాబాద్ తన పొగను ఎప్పుడూ తగ్గించుకోలేదు, ఒకచోట నుంచి ఇంకోచోటికి తరలించింది. ఆ తరలింపు వెనక ఉన్న తర్కం మనకు కొత్తది కాదు. అది ఊరికీ వాడకీ మధ్య ఉన్న తర్కం.

ముందు విషయం తెలుసుకుందాం. కోపం తర్వాత.

విమానాశ్రయంలో పొగ ఎక్కడి నుంచి వస్తుంది? అందరూ గాల్లో ఎగిరే విమానాన్నే చూపిస్తారు. నేల మీద మనుషుల ఊపిరికి తగిలే లెక్క వేరు. విమానం దిగేటప్పుడూ ఎగిరేటప్పుడూ సుమారు 3,000 అడుగుల ఎత్తులోపల వదిలే పొగను స్థానిక కాలుష్యంగా లెక్కిస్తారు. దిగిన విమానం రన్‌వే నుంచి గేటు దాకా సొంత ఇంజన్ల మీదే నడిచి వస్తుంది. గేటు దగ్గర ఆగాక కూడా లోపల లైట్లు, ఏసీ నడవాలి కదా, దానికోసం తోక భాగంలో ఒక చిన్న ఇంజను తిరుగుతుంటుంది. దాన్ని ఏపీయూ అంటారు. అది తాగేది కూడా విమాన ఇంధనమే. దాని చుట్టూ సంచుల ట్రాక్టర్లు, మెట్ల బండ్లు, భోజనం లారీలు, ఇంధనం ట్యాంకర్లు, మరుగు బండ్లు, విమానాన్ని వెనక్కి నెట్టే టగ్గులు. వీటిలో డీజిల్‌తో నడిచేవి ఎన్నైతే ఉన్నాయో అన్ని పొగగొట్టాలు. టైర్లు రన్‌వేను రాసుకున్నప్పుడు లేచే రబ్బరు ధూళి ఉంది. ఇంధనం నింపేటప్పుడు లేచే ఆవిరి ఉంది. ఆపైన ఊరి నుంచి విమానాశ్రయానికి పోయే కార్లు, క్యాబులు.

ఇంధనం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో బీఎస్-6 డీజిల్ వచ్చింది. అందులో గంధకం పది లక్షల భాగాలకు 10 భాగాలకు మించకూడదు. విమాన ఇంధనానికి ప్రమాణం అనుమతించే హద్దు 3,000 భాగాలు. వాస్తవంలో అంతకంటే తక్కువే ఉంటుంది, కానీ చట్టం గీసిన గీత మాత్రం 300 రెట్లు వదులు. ఆటో అన్నను ఆపి పొల్యూషన్ సర్టిఫికెట్ ఏదిరా అని అడిగే రాజ్యం, ఆకాశానికి ఇచ్చిన వెసులుబాటు ఇది.

ఇంకొకటి ఉంది. పీఎం 2.5, పీఎం 10 అనే మాటలు ఇప్పుడు పేపర్లలో అందరికీ అలవాటైనవే. ఇవి గాల్లోని ధూళిని బరువుతో తూచే లెక్కలు. విమాన ఇంజను ఎక్కువగా వదిలేది వీటికంటే చాలా చిన్నవైన అతిసూక్ష్మ కణాలను. 100 నానోమీటర్ల లోపువి. వాటికి బరువు దాదాపు ఉండదు, సంఖ్య మాత్రం లక్షల్లో ఉంటుంది. తక్కెడలో పెడితే తేలవు, ఊపిరితిత్తుల లోతుకు మాత్రం పోతాయి. మన జాతీయ వాయు ప్రమాణాలు 2009లో 12 కాలుష్య కారకాలకు హద్దులు పెట్టాయి. ఆ పన్నెండింటిలో అతిసూక్ష్మ కణాలు లేవు. హద్దే లేనప్పుడు ఉల్లంఘన అన్న మాటే పుట్టదు. 2014లో లాస్ ఏంజిల్స్ విమానాశ్రయం చుట్టూ కొలిచిన శాస్త్రవేత్తలు, గాలి వీచే దిక్కున 10 కిలోమీటర్ల దూరంలో కూడా ఈ కణాల సంఖ్య మామూలుకంటే నాలుగు రెట్లు, 16 కిలోమీటర్ల దాకా రెండు రెట్లు ఉందని చూపించారు. ప్రహరీ గోడ దగ్గర విమానాశ్రయం ఆగిపోదు.

సరే, తగ్గించలేమా? తగ్గించవచ్చు. ఇందులో రాకెట్ శాస్త్రం ఏమీ లేదు. గేటు దగ్గర విమానానికి కరెంటు ప్లగ్గు, చల్లగాలి గొట్టం ఇస్తే ఏపీయూ ఆపేయొచ్చు. నేల మీద నడిచేటప్పుడు రెండు ఇంజన్లలో ఒకటే వాడొచ్చు. టాక్సీబాట్ అనే బండి విమానాన్ని రన్‌వే దాకా లాక్కుపోతుంది, దాన్ని ఢిల్లీలో 2019లోనే ప్రయాణికుల విమానానికి వాడారు. ట్యాంకర్లకు బదులు నేల కింద ఇంధన పైపులు వేయొచ్చు. సంచుల ట్రాక్టర్లను బ్యాటరీ మీద నడపొచ్చు. ఊరి నుంచి రైలు వేస్తే క్యాబుల పొగ తగ్గుతుంది.

ఇవన్నీ కంపెనీలు వాటంతట అవే మంచి మనసుతో చేస్తాయా? కోపెన్‌హాగన్ కథ చూడండి. డెన్మార్క్ రాజధాని విమానాశ్రయంలో సంచులు మోసే కార్మికులు తమకు వస్తున్న జబ్బుల గురించి యూనియన్‌లో మాట్లాడుకున్నారు. ఆ దేశంలో వృత్తి వ్యాధులను చూసే సంస్థ అక్కడి కార్మికుడి మూత్రాశయ క్యాన్సర్‌ను పని వల్ల వచ్చిన జబ్బుగా గుర్తించింది. యూనియన్, యాజమాన్యం, పర్యావరణ సంస్థ ఒకే బల్ల దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. విమానాలు నిలిచే చోట, అంటే ఏప్రన్ మీద, కార్మికులు నిలబడే జాగాలోనే కణాలను కొలిచారు. 2012లో ఆ లెక్కలను, పరిష్కారాలను పుస్తకంగా అచ్చేశారు. ఏపీయూ ఎన్ని నిమిషాలు నడపాలో హద్దు, ఇంజను ఎక్కడ స్టార్ట్ చేయాలో నియమం, బండ్లు మార్చడం. అక్కడ గాలిని మార్చింది యంత్రం కాదు. ఊపిరి ఆడని మనిషికి యూనియన్ ఉండడం.

ఇప్పుడు మన శంషాబాద్‌కు వద్దాం.

2008 మార్చిలో బేగంపేట మూసి శంషాబాద్ తెరిచారు. ఏటా 1.2 కోట్ల మంది కోసం కట్టిన విమానాశ్రయం ఇప్పుడు 3.4 కోట్ల మందికి సరిపోయేలా పెరిగింది. 10 మెగావాట్ల సోలార్ ప్లాంటు ఉంది. అంతర్జాతీయ విమానాశ్రయాల మండలి నుంచి కర్బన తటస్థత గుర్తింపు, లెవల్ 3 ప్లస్, వచ్చింది. నేను దీన్ని ఎగతాళి చేయను. సోలార్ పెట్టడం మంచిదే. కానీ ఆ సర్టిఫికెట్ దేనికిచ్చారో చదవాలి. అది కార్బన్ డయాక్సైడ్ లెక్క. భూగోళం వేడెక్కడానికి సంబంధించిన లెక్క. అందులో తటస్థత అన్న మాట విమానాశ్రయ సంస్థ తన చేతిలో ఉన్న ఉద్గారాలకు వర్తిస్తుంది. మిగిలిన దాన్ని వేరేచోట కొనుక్కున్న కార్బన్ క్రెడిట్లతో చెల్లు చేసుకోవచ్చు. విమానాలు కాల్చిన ఇంధనం సున్నా అయిందని దాని అర్థం కాదు.

క్రెడిట్ కొనుక్కుంటే భూగోళం లెక్క చెల్లవచ్చు. ఏప్రన్ మీద రాత్రి రెండు గంటలకు ఇంజను వెనక నిలబడ్డ లోడర్ ఊపిరితిత్తికి క్రెడిట్ ఎక్కడ దొరుకుతుంది? ఎక్కడో చెట్టు నాటితే వాడి దగ్గు తగ్గుతుందా? కార్బన్ లెక్కకు మొత్తం చాలు, మనిషి అక్కర్లేదు. ఊపిరి లెక్కకు మనిషి కావాలి. ఎక్కడ నిలబడ్డాడు, ఎన్ని గంటలు నిలబడ్డాడు, ఎవరి కింద పనిచేస్తున్నాడు అన్నది కావాలి.

ఆ మనిషి ఎవరు? విమానాశ్రయంలో మీకు కనిపించే ముఖాలు వేరు, కనిపించని చేతులు వేరు. సంచులు మోసేది, సీట్ల మధ్య చెత్త ఏరేది, విమానం మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే బండి నడిపేది, టెర్మినల్ తుడిచేది, వీటిలో చాలామటుకు కాంట్రాక్టు కొలువులే. ఈ పనులు మన దేశంలో ఎవరికి అప్పజెబుతారో చెప్పడానికి డాక్టరేట్ అక్కర్లేదు. పాత పని కొత్త యూనిఫాం వేసుకుంది, అంతే. ఊళ్లో చచ్చిన గొడ్డును మోసిన భుజం మీదకే పట్నంలో సూట్‌కేసు వచ్చింది. చీపురు పోయి వాక్యూమ్ యంత్రం వచ్చింది, చెయ్యి మారలేదు. కాంట్రాక్టరు మారినప్పుడల్లా సర్వీసు సున్నా నుంచి మొదలు. అలాంటి చోట పదేళ్ల తర్వాత వచ్చే ఆస్తమాకు బాధ్యత ఎవరి పేరు మీద రాస్తారు? విమానాశ్రయం మాది కాదంటుంది, విమాన సంస్థ మాది కాదంటుంది, కాంట్రాక్టరు మారిపోయాడు.

తెలుగు సాహిత్యం చదువుకున్నవాణ్ని కాబట్టి ఒక్క మాట. కాళిదాసు యక్షుడు తన సందేశాన్ని మేఘంతో పంపాడు. 1941లో జాషువా తన కావ్యంలో గబ్బిలాన్ని పంపాడు. ఎందుకు? గుడిలోకి ఆ మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఆకాశంలో దారి ఎవరికి, నేల మీద కాపలా ఎవరికి అన్నది మన సాహిత్యం ఎనభై ఏళ్ల కిందే అడిగిన ప్రశ్న. విమానాశ్రయం ఆ ప్రశ్నకు గాజు గోడలు కట్టింది.

ఇక తరలింపు సంగతి.

బేగంపేట ఊరి నడుమ ఉండేది. విమానాల మోత, పొగ, రద్దీ ఊరికి ఇబ్బంది అయ్యాయి. పరిష్కారం ఏం చేశారు? సుమారు 5,500 ఎకరాల్లో శంషాబాద్‌లో కొత్తది కట్టారు. పెద్ద రన్‌వే కావాలి, జాగా కావాలి, ఒప్పుకుంటాను. కానీ మోతా పొగా ఎక్కడికి పోయాయి? అప్పటిదాకా ఎవుసం చేసుకున్న పల్లెల మీదికి. భూమి ఉన్నవాడికి ఎంతో కొంత పరిహారం వచ్చింది. భూమి లేని కూలోడికి పని పోయింది, మోత మిగిలింది.

ఫ్యాక్టరీల సంగతీ ఇంతే. కాలుష్య పరిశ్రమలను ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపాలని 2013లో జీవో 20 వచ్చింది. 158 కిలోమీటర్ల ఆ రింగు ఒక గీత అయింది. గీత లోపల ఊరు, గీత బయట వాడ. లోపలికి పొగ రావద్దు, బయటికి పోతే అడిగేవాడు లేడు. మన పెద్దలు చెప్పేవాళ్లు, వాడ మీదుగా వీచే గాలి ఊరికి తగలకుండా దిక్కు చూసి మన ఇళ్లను పెట్టించారని. మనువాదానికి టౌన్ ప్లానింగ్ ముందే తెలుసు. ఇప్పుడు దానికి మాస్టర్ ప్లాన్ అని పేరు పెట్టారు, మ్యాపు మీద రంగులు వేశారు. అంతే తేడా.

ఈ చూపుతో ఉప్పల్, నాచారం చూద్దాం.

ఈ ప్రాంతం ఒకప్పుడు ఊరవతలే. అందుకే ఇక్కడ పారిశ్రామిక వాడలు పెట్టారు. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి. ఫ్యాక్టరీల వెంట కూలీలు వచ్చారు, కూలీల వెంట బస్తీలు వచ్చాయి. పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి, శ్రీకాకుళం నుంచి, తర్వాత ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు ఫ్యాక్టరీ గోడకు ఆనుకునే ఇల్లు వెతుక్కున్నారు. కిరాయి తక్కువ కాబట్టి. కిరాయి ఎందుకు తక్కువ? గాలి బాగుండదు కాబట్టి. బాగుండని గాలే పేదోడికి దొరికే రాయితీ.

ఉప్పల్ క్రాస్‌రోడ్డు ఇంకో కథ. వరంగల్ పోయే జాతీయ రహదారి, సికింద్రాబాద్ నుంచి ఎల్బీ నగర్ పోయే రింగురోడ్డు ఇక్కడే కలుస్తాయి. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 6.2 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలుపెట్టారు. 2020కల్లా అయిపోవాలి. పిల్లర్లు లేచి నిలబడ్డాయి, పని ఆగిపోయింది. ఏళ్ల తరబడి ఆ పిల్లర్ల కింద గుంతలు, గుంతల్లో మట్టి, మట్టి మీద బస్సులు. రోడ్డు పక్క పండ్ల బండి పెట్టుకున్న అక్క, పంక్చర్ షాపు తమ్ముడు, పొద్దున ఊడ్చే మున్సిపల్ పెద్దమ్మ, వీళ్లు రోజుకు పది గంటలు ఆ దుమ్ములో ఉన్నారు. దుమ్మును ఊడ్చే మనిషికే దుమ్ము జబ్బు వస్తుంది. ఎవరు ఊడుస్తారో మళ్లీ చెప్పాలా?

మరి ఇక్కడ గాలిని ఎవరు కొలుస్తున్నారు? నాచారం పారిశ్రామిక వాడలో కాలుష్య నియంత్రణ మండలి వారి నిరంతర నమోదు కేంద్రం ఉంది. కాప్రాలో ఈసీఐఎల్ దగ్గర ఇంకొకటి ఉంది. మంచిదే. ఉప్పల్‌లో ఉన్నది మనిషి వచ్చి ఫిల్టర్ మార్చే పాత పద్ధతి. ఆ పద్ధతి కింద వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు కొలవాలని నియమం. మిగతా 261 రోజులు ఉప్పల్ ఊపిరి పీల్చుకోదా?

నాచారంలో నిరంతరం కొలిచినా ఇంకో తిరకాసు ఉంది. మనం చూసే ఏక్యూఐలో ధూళి లెక్క 24 గంటల సగటు మీద కడతారు. రాత్రిపూట రసాయన వాసన వస్తోందని నాచారం, మల్లాపూర్ కాలనీల వాళ్లు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. రాత్రి ఒంటిగంటకు వదిలిన పొగ, పగటి గాలితో కలిసి సగటులో కరిగిపోతుంది. పొద్దున యాప్ తెరిస్తే 'సంతృప్తికరం' అని ఆకుపచ్చ రంగు కనిపిస్తుంది. సగటు అనేది పాలకులకు ఇష్టమైన అంకె. అందులో నేరం జరిగిన గంట కనిపించదు.

హద్దుల సంగతి కూడా చెప్పుకోవాలి. పీఎం 2.5కు మన దేశపు వార్షిక హద్దు 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. ఎనిమిది రెట్ల తేడా. ఆ వదులు హద్దుల్లో కూడా ఉండలేని నగరాలకోసం కేంద్రం 2019 జనవరిలో జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. ఆ నగరాల జాబితాలో హైదరాబాద్ ఉంది. అంటే ఇది నేను కనిపెట్టిన సమస్య కాదు, రాజ్యం కాగితం మీద ఒప్పుకున్న సమస్య.

ఇక్కడ విమానాశ్రయానికీ ఉప్పల్‌కూ ఉన్న అసలు తేడా చెప్తాను. విమానాశ్రయానికి ఒక యజమాని ఉన్నాడు. ఒక ప్రహరీ ఉంది. లోపల ఏ బండి ఎంత పొగ వదులుతుందో జాబితా రాయొచ్చు, ఏడాదికేడాది తగ్గించామని చూపించొచ్చు. చూపిస్తే పెట్టుబడి వస్తుంది, అవార్డు వస్తుంది. కాబట్టి చూపిస్తారు. ఉప్పల్ గాలికి యజమాని ఎవరు? రోడ్డు జాతీయ రహదారుల సంస్థది. పక్కన మోరి మున్సిపాలిటీది. ఫ్యాక్టరీ షెడ్డు పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థది. పొగ కాలుష్య మండలిది. బస్సు ఆర్టీసీది. రద్దీ ట్రాఫిక్ పోలీసుది. దగ్గు మాత్రం మనది. ఇంతమంది ఉన్నచోట ఎవరూ లేనట్టే.

2019లో ఆర్టీసీకి 40 ఎలక్ట్రిక్ బస్సులు వస్తే వాటిని ఎయిర్‌పోర్టు రూట్లలో వేశారు. ఏసీ బస్సులు, విమాన ప్రయాణికులకు. తర్వాత నగరంలోకి కూడా కొన్ని వచ్చాయి. కానీ మొదటి శుభ్రమైన బస్సు ఎవరికి అన్న ప్రశ్నకు రాజ్యం చెప్పిన జవాబు అదే. పొగ ఎక్కడ ఎక్కువుందో అక్కడికి కాదు, పలుకుబడి ఎక్కడ ఎక్కువుందో అక్కడికి.

ఒక అభ్యంతరం వస్తుంది, నిజాయితీగా తీసుకుందాం. "ఫ్యాక్టరీల మీద పడితే మన పిల్లల కొలువులే పోతాయి కదా?" అవును, పోతాయి. అందుకే నేను మూసేయమని అడగను. మూయడం, తరలించడం పై కులాల పర్యావరణం. వాళ్లకు పొగ కనిపించకపోతే చాలు. మనకు పొగా పోవాలి, పనీ ఉండాలి. ఇది అత్యాశ కాదు. కోపెన్‌హాగన్‌లో విమానాశ్రయం మూయలేదు, ఇంజను ఎక్కడ ఆపాలో మార్చారు.

ఈ మాట ఇప్పుడే ఎందుకంటున్నానంటే, 2025 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం పారిశ్రామిక భూముల మార్పిడి విధానం తెచ్చింది. ఔటర్ లోపలి పారిశ్రామిక వాడల భూములు, సుమారు 9,300 ఎకరాలు, రుసుము కట్టి అపార్ట్‌మెంట్లకూ ఆఫీసులకూ మార్చుకోవచ్చు. అందులో ఉప్పల్ ఉంది, నాచారం ఉంది. కారణంగా చెప్పేది కాలుష్యం. ప్రతిపక్షం ఇందులో కుంభకోణం ఉందంటోంది, ప్రభుత్వం కాదంటోంది. వాళ్ల కొట్లాట వాళ్లది. మన ప్రశ్నలు వేరే ఉన్నాయి. యాభై ఏళ్ల కింద ప్రజల భూమిని పరిశ్రమ పేరుతో చవకగా తీసుకున్నవాడు ఇప్పుడు దాన్నే టవర్లు కట్టుకుని అమ్ముకుంటాడు. ఆ షెడ్డులో ముప్పై ఏళ్లు పొగ పీల్చిన కార్మికుడికి ఏమొస్తుంది? ఫ్యాక్టరీ ఎక్కడికి పోతుంది, ఎవరి అసైన్డ్ భూముల పక్కకు? గాలి శుభ్రపడ్డాక పెరిగిన కిరాయి కట్టలేక బస్తీ ఎక్కడికి పోతుంది? పొగ ఉన్నన్నాళ్లు మనం ఉన్నాం. పొగ పోయిన రోజు మనల్నీ పొమ్మంటారు. దీన్ని అభివృద్ధి అంటే నేను ఒప్పుకోను.

ఎయిర్‌పోర్టు మెట్రో సంగతీ ఇందులో భాగమే. నాగోలు నుంచి ఎల్బీ నగర్, చాంద్రాయణగుట్ట మీదుగా శంషాబాద్‌కు 36.8 కిలోమీటర్ల మెట్రోను 2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించి కేంద్రానికి పంపింది. మునుపటి ప్రతిపాదన రాయదుర్గం నుంచి ఉండేది. ఐటీ కారిడార్ నుంచి తూర్పు వైపుకూ పాతబస్తీ అంచుకూ మార్చడం మంచి నిర్ణయమే. క్యాబుల పొగ తగ్గుతుంది. కానీ అది ప్రయాణికుడి మెట్రోనా, కార్మికుడి మెట్రోనా? తెల్లారుజామున నాలుగింటి షిఫ్టుకు పోయే లోడర్‌కు రైలు ఉంటుందా? కాంట్రాక్టు జీతానికి అందే నెల పాస్ ఉంటుందా? ఇవి ఇప్పుడే అడగాలి. స్టేషన్ కట్టాక అడిగితే టికెట్ మిషన్ చూపిస్తారు.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్లు తాగడానికి నడిచారు. అది దాహం తీర్చుకోవడానికి చేసిన నడక కాదు, అందరిదైన దాంట్లో మాకూ సమాన వాటా ఉందని చెప్పడానికి. నీళ్లకు గట్టు ఉంటుంది కాబట్టి అక్కడ అడ్డుకోవడం కనిపించింది. గాలికి గట్టు లేదు కాబట్టి వివక్ష కనిపించదు. 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, జీవించే హక్కులో కాలుష్యం లేని నీరు, గాలి కూడా ఉన్నాయని చెప్పింది. ముప్పై ఏళ్లు దాటింది. హక్కు ఉంది, కొలత లేదు. కొలత లేని హక్కును కోర్టులో ఎలా చూపిస్తాం?

కాబట్టి మన డిమాండ్లు సూటిగా ఉండాలి.

ఉప్పల్ క్రాస్‌రోడ్డు దగ్గర నిరంతర నమోదు కేంద్రం పెట్టాలి. సగటు కాదు, గంట గంటకూ లెక్క, తెలుగులో ఉర్దూలో బోర్డు మీద కనిపించాలి.

నాచారం ఈఎస్ఐ ఆసుపత్రికి దమ్ముతో, దగ్గుతో వచ్చే ప్రతి కార్మికుడు ఏ పని చేస్తాడు, ఎన్నేళ్లుగా చేస్తున్నాడు అని చీటీ మీద రాయాలి. ఏడాదికోసారి పేర్లు లేకుండా ఆ లెక్క బయటపెట్టాలి. కార్మికుడు తన జీతంలో 0.75 శాతం ఈఎస్ఐకి కడుతున్నాడు. చట్టంలోని వృత్తి వ్యాధుల పట్టికలో వృత్తి ఆస్తమా ఉంది. కానీ డాక్టరు పని ఏమిటని అడగకపోతే అది మామూలు ఆస్తమాగానే మిగిలిపోతుంది, పరిహారం రాదు.

రోడ్డు పనుల కాంట్రాక్టుల్లో దుమ్ముకు జరిమానా ఉండాలి. పని ఆగిన రోజులకూ అది వర్తించాలి.

పారిశ్రామిక భూమి మారిస్తే ముందు నేల పరీక్ష, కాంట్రాక్టు కార్మికులతో సహా అందరికీ పరిహారం, ఆ భూమిలోనే కార్మికుల ఇళ్లకు వాటా ఇవ్వాలి. ఫ్యాక్టరీ పోయే పల్లెలో గ్రామసభ అనుమతి లేనిదే కదలకూడదు.

శంషాబాద్‌లో కార్బన్ లెక్కతో పాటు ఏప్రన్ మీద ధూళి, అతిసూక్ష్మ కణాల లెక్క ప్రజలముందు పెట్టాలి. కాంట్రాక్టరు మారినా కార్మికుడి ఆరోగ్య రికార్డు మారకుండా కొనసాగాలి.

చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. కేంద్ర కాలుష్య మండలి వెబ్‌సైటులో నాచారం కేంద్రం లెక్కలు గంటలవారీగా దొరుకుతాయి, ఎవరైనా దించుకోవచ్చు. ఒక నెల తీసుకోండి. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా వేరు చేయండి, పగలు వేరు చేయండి. వాసన వచ్చిన రాత్రులను బస్తీలో అడిగి తేదీలు రాసుకోండి. రెండూ పక్కపక్కన పెట్టండి. ఉప్పల్‌లో గత ఏడాది నిజంగా ఎన్ని రోజులు కొలిచారో సమాచార హక్కు కింద అడగండి. పది రూపాయల పని. ఎమ్మే, పీహెచ్‌డీ చేసేవాళ్లు టాపిక్ దొరకలేదని నా దగ్గరికి రాకండి, ఇదిగో టాపిక్.

సర్టిఫికెట్ తెచ్చుకునే గాలికి లెక్క రాసేవాళ్లు ఉన్నారు. మన గాలికి మనమే లెక్క రాయాలి. వచ్చే భాగంలో జవహర్‌నగర్ డంపుయార్డు గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.